వార్తలు మోసెడి వెలుగు

కూడలియందు ఎర్రదీపమును చూచి మనము ఆగుదుము. ఆ దీపము కంటి ద్వారా మనకొక ఆజ్ఞను అందించుచున్నది. అదే దీపము, మన కంటికి తెలియకుండ, వాహనమునకు మరికొన్ని వార్తలు చెప్పగలదా? చెప్పగలదని శాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. దీనినే దృశ్యకాంతి ప్రసారమందురు.

ఈ భావము క్రొత్తది కాదు. 1880లో అలెగ్జాండర్ గ్రాహంబెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ అను ఇరువురు వాషింగ్టన్ నగరమున సూర్యకిరణముపై కంఠస్వరమును సుమారు 213 మీటర్ల దూరము పంపిరి. ఆ సాధనమునకు ఫోటోఫోన్ అని పేరు. కాని మబ్బు పట్టినచో అది మూగవోవును.

ఆ కొరతను ఎల్.ఇ.డి. దీపము తీర్చినది. తీగ దీపము వేడెక్కుటకును, చల్లారుటకును కాలము పట్టును, ఎల్.ఇ.డి. సెకనుకు లక్షలసార్లు మినుకగలదు. సెకనుకు 200 సార్లకు మించిన మినుకును సాధారణముగ మన కన్ను పోల్చుకొనలేదు. కనుక డ్రైవరుకు దీపము నిలకడగానే కన్పడును. వెలుగు హెచ్చుతగ్గులే 1, 0 అంకెలు. వాహనమున అమర్చిన ఫోటోడయోడ్ వానిని విద్యుత్సంకేతములుగ మార్చును. 2011లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ ఇందుకై 802.15.7 అను ప్రమాణమును ప్రకటించినది. ఆరుబయటి వాడుకకు అందు నిర్దేశించిన వేగము సెకనుకు 11.67 నుండి 266.6 కిలోబిట్లు.

ఈ వేగము చాలునా? ఒక చిన్న లెక్క చేయుదము. గంటకు 60 కి.మీ. వేగమున పోవు కారు సెకనుకు సుమారు 16.7 మీటర్లు సాగును. ముందరి బండి బ్రేకు దీపమును చూచి డ్రైవరు కాలు కదపుటకు ఒక సెకను పట్టినచో అంత దూరమును చేజారినట్లే. 1000 బిట్ల హెచ్చరిక, సెకనుకు 100 కిలోబిట్ల వేగమున, సెకనులో నూరవవంతున చేరును. అంతలో కారు కదలునది 17 సెంటీమీటర్లు మాత్రమే. ఒక్కొక్కప్పుడు ప్రాణము నిలుచుటకు ఈ తేడాయే చాలును.

కొరతలును కలవు. నడుమ లారీ అడ్డము నిలిచినచో వార్త ఆగును. మధ్యాహ్నపు ఎండలో దీపపు సంకేతము మునిగిపోవును. పొగమంచు, వాన కిరణములను చెదరగొట్టును. అందుచేత ఇది రేడియో తరంగములకు తోడు కావలెనేగాని బదులు కాజాలదు. అయితే గోడను దాటలేని గుణమే ఒక మేలు కూడ: ప్రక్కవీధి దీపపు మాట మన బండికి అందదు, గందరగోళము కలుగదు.

ఒక ఎల్.ఇ.డి., ఒక ఫోటోడయోడ్, ఒక చిన్న యాంప్లిఫయరు ఉన్నచో ఈ సూత్రమును మన ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. విద్యార్థులు పూనుకొందురనియు, కమిటీ పెద్దలు తోడ్పడుదురనియు ఆశించుచున్నాము.