సంఘం, పార్టీ, ప్రభుత్వం: కోయంబత్తూరు రైతుల విద్యుత్ పోరాటం

ఎన్నికలలో గెలిచి ప్రభుత్వాన్ని నడపగోరేది రాజకీయ పార్టీ. గద్దె నెక్కకుండానే గద్దెపై నున్నవారి నిర్ణయాన్ని మార్చగోరేది ప్రయోజన సంఘం. ఈ భేదం ఎంత ముఖ్యమో మన ప్రాంతపు రైతుల చరిత్రలోనే కానవస్తుంది.

పళనికి వాయవ్యాన, కోయంబత్తూరు సమీపంలోని వయ్యంపాళయానికి చెందిన సి. నారాయణస్వామి నాయుడు తెలుగు కుటుంబీకుడు. ఆయన నడిపిన రైతు సంఘంలో తమిళ గౌండర్లూ తెలుగు నాయుళ్లూ కలిసి పనిచేశారు. వారిని కలిపినది భాష కాదు, బావి. వానలు తక్కువైన కొంగునాట ఎడ్లతో తోడే కపిల పోయి విద్యుత్ మోటారు వచ్చిన తరువాత, కరెంటు ధరయే సేద్యపు లాభనష్టాలను నిర్ణయించసాగింది.

1970లో ప్రభుత్వం ఆ ధరను యూనిట్టుకు 8 పైసల నుండి 10 పైసలకు పెంచింది. రెండు పైసలే కదా అని పట్టణవాసికి తోచవచ్చు. బావి లోతు ఎరిగినవారికి అట్లు తోచదు. ఆ జూన్ నెలలో పెరుమానల్లూరు వద్ద పోలీసు కాల్పులలో ముగ్గురు రైతులు మరణించారు. ప్రభుత్వం ఒక పైసా తగ్గించింది. ధర మరల పెరిగిన 1972లో వేలాది ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీధులను నింపి నగరాన్ని స్తంభింపజేశాయి.

ఏ పార్టీ రైతైనా ఈ సంఘంలో చేరవచ్చును. కనుకనే అన్ని పార్టీలూ దానిని లెక్కచేశాయి. 1982లో నాయుడుగారు స్వయంగా పార్టీ స్థాపించగా, ఆ సౌలభ్యం పోయింది: సంఘానికి చందా కట్టిన రైతు ఓటు మాత్రం తన పాత పార్టీకే వేయసాగాడు. ఆయన 1984 డిసెంబరులో కోవిల్‌పట్టిలో కన్నుమూశారు.

పార్టీ నిలువలేదు గాని కోరిక నిలిచింది. 1989లో అధికారానికి వచ్చిన ద్రావిడ మున్నేట్ర కళగం ప్రభుత్వం రైతులకు ఉచిత విద్యుత్తు నిచ్చింది. 2003లో దానిని మార్చబూనిన అన్నా ద్రావిడ మున్నేట్ర కళగం ప్రభుత్వం, 2004 లోక్‌సభ ఎన్నికలలో ఓడిన వెంటనే పాత పద్ధతికే మరలింది.

అయితే ఈ పోరాటం బావి గలవారిది. ఆ బావి గట్టున కూలి చేసేవారికి ఇంతటి బలమైన సంఘం లేదు. వారి కూలి రేటు కొరకు కోయంబత్తూరు వీధులు ఏనాడూ అట్లు నిండలేదు. ఉచిత విద్యుత్తు వెలను ఖజానా నుండి విద్యుత్ సంస్థకు ప్రభుత్వం చెల్లిస్తున్నది. ఆ ఖజానాలో కూలివాడు కొనే అగ్గిపెట్టె మీది పన్ను కూడ ఉన్నది.