పాత నీటిలోకి కొత్త చేప

ఏలూరు, తాడేపల్లిగూడెంల నడుమ జాతీయ రహదారిపై ఉన్న ఊరు భీమడోలు. దానికి దక్షిణాన కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు చేరుతుంది. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. చుట్టుపక్కల పల్లెలలో బొచ్చె, శీలావతి చేపలను చెరువులలో పెంచడం వేల కుటుంబాలకు జీవనాధారం. ఇంట్లో గాజుతొట్టెను అమర్చుకొన్నవారికీ, చెరువును కౌలుకు తీసుకొన్న రైతుకూ ఎదురయ్యే చిక్కు ఒక్కటే: ఇప్పటికే కుదురుకొన్న నీటిలోకి కొత్త చేపను దింపడం ఎట్లా? తొట్టెలో పొరపాటు జరిగితే నాలుగు చేపలు పోతాయి. చెరువులో జరిగితే ఏడాది పెట్టుబడి పోయి అప్పు మిగులుతుంది.

కుదురుకొన్న నీరంటే కేవలం తేటగా కనిపించే నీరు కాదు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. అది వాటికే విషం. తొట్టెలోని రాళ్లకూ, వడపోత సాధనానికీ అంటిపెట్టుకొన్న సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైట్‌గా, పిదప అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ జీవుల సంఖ్య ఉన్న చేపలకు సరిపడినంతే ఉంటుంది. ఒక్కసారిగా పది చేపలు వచ్చి చేరితే అవి ఆ భారాన్ని మోయలేవు. అందుచేత ఒకటి రెండు చేపలను వేసి, కొన్ని వారాలు ఆగి, తక్కినవాటిని వేయడం మంచిది.

అంతకంటే పెద్ద ప్రమాదం కంటికి కనిపించనిది. తెల్లమచ్చ వ్యాధిని కలిగించే పరాన్నజీవి చేప చర్మంలో కొన్నాళ్లు పెరిగి, రాలి అడుగుకు చేరి, అక్కడ వందలాది పిల్లలుగా విడిపోతుంది. ఈదులాడే ఆ పిల్లలకే మందు తగులుతుంది. చర్మంలో దాగిన దానికి తగలదు. కనుక కొన్న రోజున నిగనిగలాడే చేప వారం తిరిగేసరికి తొట్టెనంతా రోగమయం చేయవచ్చు. కొత్త చేపను రెండు నుంచి నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించాలనడానికి కారణమిదే. ఆ తొట్టె వలను, గొట్టాన్ని పాత తొట్టెలో వాడరాదు.

చెరువు రైతులకు ఈ సంగతి పేను నేర్పింది. చేప ఒంటిని పట్టి రక్తం పీల్చే ఈ బల్లపరుపు జీవి కంటికి కనిపిస్తుంది గాని, గుడ్లను నీటిలోని కర్రలపైనా, రాళ్లపైనా పెడుతుంది. అందుకే చెరువులో వెదురు కర్రలు నాటి, గుడ్లు పట్టగానే తీసి ఎండబెడతారు. పిల్లలను వదిలే ముందు 2 నుంచి 3 శాతం ఉప్పు నీటిలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీయడం కూడా ఆచారంలో ఉంది. ఇదే జాగ్రత్తను ప్రభుత్వమూ పాటించింది: 2009లో వన్నామీ రొయ్య మన దేశానికి వచ్చినప్పుడు, దిగుమతి చేసుకొనే తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించిన పిమ్మటనే హేచరీలకు పంపే ఏర్పాటు చేశారు.

ఇక దింపే పద్ధతి. మూతి కట్టిన సంచిని పావుగంటసేపు నీటిపై తేలనిస్తే లోపలి వేడి, బయటి వేడి సమమవుతాయి. దగ్గరి దుకాణం నుంచి తెచ్చిన చేపకైతే సంచిలోకి తొట్టె నీటిని కొద్దికొద్దిగా కలపవచ్చు. గంటల తరబడి ప్రయాణించిన చేపకు మాత్రం ఇది పనికిరాదు. మూసిన సంచిలో చేరిన బొగ్గుపులుసు వాయువు వల్ల నీరు ఆమ్లగుణం పొంది, అమ్మోనియా విషం అణగి ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి విషం విజృంభిస్తుంది. కావున విప్పిన వెంటనే చేపను వలతో తీసి తొట్టెలో వేయాలి. సంచి నీటిని పారబోయాలి.

పెరిగి తొట్టె చాలని చేపను జాలితో కాలువలో వదిలేవారు కొందరు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకెక్కింది. కాలువలకు ఆ హద్దులు తెలియవు. తొట్టెల గాజుపై పాచి తినడానికి కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. అది ఆంధ్రదేశపు నీళ్లలోకీ చేరింది. గట్టి పొలుసులతో, ముళ్ల రెక్కలతో వలలను చింపే ఆ చేపను బజారులో అడిగేవారు లేరు.