రేకుల కప్పు: బిగింపులో దొర్లే పొరపాట్లు, వాటి నివారణ

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలోని పాత ఇండ్లకు రాతి బండల కప్పు గాని, మట్టి మిద్దె గాని ఉండేది. నేడు పైగదులకు, పశువుల కొట్టాలకు, పట్టుపురుగుల పెంపక గృహాలకు, అంగళ్ల ముందరి పంచలకు లోహపు రేకులు వేస్తున్నారు. రేకు తేలికైనది, పని త్వరగా ముగుస్తుంది, ఖర్చు తక్కువ. అయితే వేసవి చివర ఉరుములతో వచ్చే గాలివానకు మొదట లేచిపోయేదీ ఈ కప్పే. రేకు నాసిరకం కావడం వల్లనే ఇట్లు జరిగిందని చాలామంది భావిస్తారు. నిజానికి లోపం తరచుగా రేకులో కాక, బిగింపులో ఉంటుంది.

బరువు కాదు, బిగింపు

మూడు అంగుళాల మందం గల రాతి బండ చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు ఉంటుంది. అందువల్ల పాత కప్పును దాని బరువే నిలిపి ఉంచేది. అర మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు అదే విస్తీర్ణానికి నాలుగైదు కిలోలకు మించదు.

ఇక గాలి బలాన్ని చూడండి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875, మూడవ భాగం, మనకు సమీపాన ఉన్న బెంగళూరుకు సూచించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 33 మీటర్లు. అనగా గంటకు సుమారు 119 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి కలిగించే ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 65 కిలోల బరువుతో సమానం. వాలు తక్కువగా ఉన్న కప్పును గాలి క్రిందికి నొక్కడం కంటే పైకి లాగడమే ఎక్కువ. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు గల రేకు బరువు సుమారు 12 కిలోలు. దానిని పైకి లేపే బలం 180 కిలోల వరకు ఉండవచ్చును. అంచుల వద్ద ఈ లాగుడు మరింత అధికం. ముందువైపు తెరచి ఉన్న కొట్టాలలోనూ, పంచలలోనూ గాలి లోపలికి చొరబడి క్రింది నుండి కూడా నెట్టుతుంది.

రేకులపై నాలుగు రాళ్లు పెట్టినంత మాత్రాన కప్పు నిలువదని దీనివల్ల స్పష్టమగుచున్నది. పైగా గాలికి రేకు కదిలితే ఆ రాళ్లే జారి మనుషుల మీద పడే ప్రమాదం ఉన్నది.

మొదటి పొరపాటు: రేకును మాత్రమే బిగించడం

రేకును ఇనుప పైపులకు, పైపులను దూలాలకు, దూలాలను గోడకు బిగించవలెను. ఈ వరుసలో ఏ ఒక్కటి వదులైనా కప్పు మొత్తం లేచిపోవచ్చును. గోడలో రంధ్రం చేసి, పైపు కొనను అందులో పెట్టి, సిమెంటుతో పూడ్చడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇది పైపును క్రిందికి జారకుండా ఆపుతుందే గాని, పైకి లేవకుండా ఆపలేదు. గోడపై కాంక్రీటు పట్టీ పోసి, దానిలో ముందుగానే బోల్టులు నిలిపి, ఆ బోల్టులకు దూలాలను బిగించడం క్షేమకరం. వెల్డింగు చేసిన ప్రతి అతుకునకు తుప్పు నిరోధక రంగు పూసిన తరువాతనే రేకు ఎక్కించవలెను.

సాధారణ రేకులకు పైపుల మధ్య దూరం నాలుగు అడుగులకు మించకుండా ఉంచడం మేలు. చూరు వద్ద చివరి పైపును దాటి రేకు ఒక అడుగు కంటే ఎక్కువ బయటకు రారాదు. నీడ కోసం రెండు మూడు అడుగులు వదిలితే గాలికి మొదట పట్టు దొరికేది అక్కడే.

రెండవ పొరపాటు: వాలు, జోడింపులను ఉపేక్షించడం

పది అడుగుల పొడవునకు కనీసం రెండు అడుగుల ఎత్తు తేడా ఉండునట్లు వాలు ఇవ్వవలెను. వాలు తగ్గితే నీరు నిలిచి, జోడింపుల గుండా లోపలికి ఎక్కుతుంది. వాలు దిశలో పై రేకు క్రింది రేకుపైకి కనీసం ఆరు అంగుళాలు, వాలు తక్కువైన చోట తొమ్మిది అంగుళాలు రావలెను. గాడుల రేకులను పక్కపక్కన ఒకటిన్నర నుండి రెండు గాడుల మేర ఒకదానిపై ఒకటి ఎక్కించవలెను. రేకును పొదుపు చేయదలచి ఈ కొలతలను తగ్గించడం తరువాత ఇంటిల్లిపాదికీ కష్టం తెచ్చిపెడుతుంది.

నైరుతి రుతుపవన కాలంలో గాలి ప్రధానంగా పడమటి వైపు నుండి వీస్తుంది. కనుక రేకులను తూర్పు కొన నుండి వేయడం మొదలుపెట్టి పడమటి వైపునకు సాగవలెను. అప్పుడు జోడింపు అంచు గాలికి ఎదురుగా తెరచుకొని ఉండదు.

మూడవ పొరపాటు: స్క్రూల విషయంలో అశ్రద్ధ

రేకులకు మేకులు కొట్టరాదు. గాలికి కదిలి అవి క్రమంగా వదులవుతాయి. రబ్బరు వాషరు గల స్క్రూలనే వాడవలెను. స్క్రూను నిటారుగా దించి, వాషరు కొద్దిగా అణగినంతనే ఆపవలెను. అధికంగా బిగిస్తే రబ్బరు చీలిపోతుంది, రేకు నొక్కుకుపోయి గుంతలో నీరు నిలుస్తుంది. తక్కువగా బిగిస్తే నీరు కారుతుంది. గాడుల రేకులకు స్క్రూ గాడిలో కాక, ఎత్తైన మడతపై పడవలెను; నీరు పారేది గాడిలోనే గదా. ఇతర ఆకారపు రేకులకు తయారీదారు సూచనను అనుసరించవలెను.

చూరు, కొప్పు, రెండు పక్కల అంచుల వద్ద స్క్రూలు దగ్గరదగ్గరగా ఉండవలెను. గాలి అంచును లేపగలిగితే మిగిలిన రేకులను ఒకదాని వెంట ఒకటి సులభంగా చీల్చుకొనిపోతుంది.

నాల్గవ పొరపాటు: పూతను పాడుచేయడం

ఉక్కును తుప్పు నుండి కాపాడేది దానిపై ఉన్న జింకు పూత. ఇనుమునకు జింకు పూత పూసే పద్ధతికి 1837లో ఫ్రాన్సు దేశంలో స్టానిస్లాస్ సొరెల్ హక్కులు పొందాడు. ఆ పూతకు ప్రధాన శత్రువులు మూడు. గ్రైండరుతో కోస్తే వేడికి అంచు వెంబడి పూత కాలిపోతుంది. రేకు కత్తెర వాడడం మంచిది. రంధ్రాలు చేయగా రాలిన ఇనుప రజనును ఆనాడే ఊడ్చివేయకపోతే అది తుప్పు పట్టి మరకలు వేస్తుంది. పచ్చి సిమెంటు తగిలినచో జింకు తినివేయబడుతుంది. పడిన వెంటనే కడిగివేయవలెను. రేకులను వానలో కట్టలుగా నిలువ ఉంచినా మధ్యలో చిక్కిన తడి వల్ల తెల్లని తుప్పు ఏర్పడుతుంది.

వేడిమి

పట్టుపురుగులకు అనువైన ఉష్ణోగ్రత సుమారు 23 నుండి 28 డిగ్రీల సెల్సియస్. వట్టి రేకు క్రింద వేసవి మధ్యాహ్నం దీనిని నిలుపుకొనుట దుర్లభం. కొప్పు వద్ద వేడిగాలి పోయే దారి, రేకు క్రింద అడ్డు పైకప్పు, పైన తెల్లని రంగు ఈ మూడింటిని పని ప్రారంభానికి ముందే ఆలోచించుకొనవలెను. పురుగుల గృహానికే గాక, మనుషులు నిద్రించే గదికి కూడా ఇదే నియమం.

ప్రాణరక్షణ

రేకు విద్యుత్తు ప్రసరించే లోహం. ఇంటికి వచ్చే కరెంటు తీగ రేకునకు గాని, పైపునకు గాని తగులుచున్నచో పని నిలిపివేసి, బెస్కాం వారికి 1912 సంఖ్య ద్వారా తెలియజేయవలెను. గాలి వీచునప్పుడు రేకులు మోయరాదు. కప్పుపై నడుచువారు పైపులు ఉన్న వరుస మీదనే అడుగు వేయవలెను. నడుమునకు తాడు కట్టుకొనవలెను. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక వాటిని పగులగొట్టరాదు, రంపంతో కోయరాదు. తడిపి, ముఖానికి తగిన మాస్కు ధరించి, నిండు రేకుగానే దించవలెను.

కప్పు నుండి నీరు

మన ప్రాంతంలో ఏడాది పొడవునా పారే నది లేదు. లోతైన బోరు నీటిలో అనేక గ్రామాలలో ఫ్లోరైడు అధికం. వాననీటిలో ఆ దోషం లేదు. 50 చదరపు మీటర్ల కప్పుపై పది మిల్లీమీటర్ల వాన కురిస్తే 500 లీటర్ల నీరు పడుతుంది. చూరునకు దోనె అమర్చి, మొదటి వాన నీటిని బయటకు వదలి, తరువాతి నీటిని వడగట్టి తొట్టిలో నిలువచేసికొనవచ్చును. దోనెను కప్పుతో పాటే అమర్చుకొన్నచో మరల రేకులు విప్పే అవసరం రాదు.

మేస్త్రీకి చివరి పైకం ఇచ్చుటకు ముందు చూసుకొనవలసినవి

1. దూలాలు గోడకు బోల్టులతో బిగించబడినవా?
2. అంచుల వద్ద స్క్రూలు దగ్గరగా ఉన్నవా? వాషరు చీలినవి ఎన్ని?
3. జోడింపుల కొలతలు టేపుతో కొలిచి చూచితిరా?
4. కప్పుపై రజను, సిమెంటు, మిగిలిన స్క్రూలు ఊడ్చివేసిరా?
5. కరెంటు తీగ ఎచటనైనా రేకునకు తగులుచున్నదా?

తరువాత ఏటా మార్చి నెలలో, గాలివానలు రాకముందే, వదులైన స్క్రూలను బిగించి, పాడైన వాషర్లను మార్చుకొనవలెను. కప్పు మార్చదలచిన వారు పనికి ముందు తమ నగరసభ లేదా పురసభ కార్యాలయంలో అనుమతి విషయం విచారించుకొనవలసినదిగా కోరడమైనది. ఒక పూట పరిశీలన ఇంటివారిని మాత్రమే గాక, ఎగిరిపోయిన రేకు ఎవరి వాకిట పడునో ఆ పొరుగువారిని కూడా కాపాడుతుంది.