గేమింగ్ పీసీకి ఎనిమిది కోర్లు అవసరమా?

ప్రశ్న: తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటున్నాను. రైజెన్ 5 5600 సరిపోతుందా? ఎనిమిది కోర్లది తీసుకోమంటున్నారు.

జవాబు: సరిపోతుంది. మిగిలే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. ఆ వ్యవధిలో పాత్రల కదలికల లెక్క ప్రాసెసర్ చూసుకుంటే, బొమ్మ గీసే బరువు కార్డుది. రెండిట్లో ఏది వెనకబడితే ఆట దాని వేగంతోనే సాగుతుంది. భారీ ఆటల్లో సెట్టింగులు పెంచగానే చవక కార్డే ముందు చేతులెత్తేస్తుంది. అప్పుడు అదనపు కోర్లు ఊరికే కూర్చుంటాయి. వాలరెంట్ లాంటి పోటీ ఆటల్లో భారం ప్రాసెసర్ మీదే కదా అంటారు. నిజమే, కానీ అక్కడ పనికొచ్చేది ఒక్కో కోర్ వేగం, క్యాష్ మెమరీ. అందుకే పేర్లు చూసి మోసపోకండి: రైజెన్ 5 5500కూ ఆరు కోర్లే, కానీ ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 5600లో 32. పైగా 5500 పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోయింది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి నాలుగు లేన్ల కార్డుకు అది నేరుగా దెబ్బ.

5600 కూర్చునే ఏఎం4 సాకెట్ పాతబడిందన్న అభ్యంతరంలో పస ఉంది. అయితే ఏఎం5 బోర్డుకు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. ఆ అదనపు ఖర్చు కార్డు వాటాలోంచే పోతుంది. కోర్ ఐ5 12400ఎఫ్ తక్కువకు దొరికితే నిస్సంకోచంగా అదే తీసుకోండి. 5600, 12400ఎఫ్ రెండిట్లోనూ సొంత గ్రాఫిక్స్ లేవు, కార్డు పెట్టేదాకా తెర మీద బొమ్మ రాదు.