ముసలి కుక్కకు మత్తు ఇస్తే... గుండె మీదే కన్నుండాలి

హరిశ్చంద్రపురం నుంచి ఉద్దానం తీరం దాకా జీడి, కొబ్బరి తోటల్లో కుక్క లేకపోతే కాపలా కష్టం. ఎలుగుబంటి తోటలోకి దిగిందని ముందుగా చెప్పేది అదే. అలా ఎనిమిది, పదేళ్లు కాసిన కుక్కకు రొమ్ములో గడ్డ లేచినా, గర్భసంచిలో చీము పట్టినా ఆపరేషన్ అవసరమవుతుంది. అక్కడే చాలామంది రైతులు వెనక్కి తగ్గుతారు. "ముసలిదైపోనాది, మత్తుకి తట్టుకుంటాదా?" అంటారు.

వయసు రోగం కాదు. అయితే వయసు పైబడిన కొద్దీ గుండె, మూత్రపిండాల సత్తువ తగ్గుతుంది. కుర్ర కుక్కకు మత్తులో రక్తపోటు కాసేపు పడిపోయినా గుండె సర్దుకుంటుంది. ముసలిదానికి ఆ వెసులుబాటు ఉండదు. అలాగని భయపడి కూర్చుంటే, గర్భసంచిలో చీము మత్తు కంటే ముందే ప్రాణం తీస్తుంది.

మత్తులో గుండెను చూడాలా, ఊపిరిని చూడాలా అన్న తగవు హైదరాబాదులోనే పెద్దఎత్తున నడిచింది. 1888లో, మళ్లీ 1889లో నిజాం ప్రభుత్వ అండతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చారు. వందల జంతువులకు, అందులో ఎక్కువగా కుక్కలకు, క్లోరోఫారం ఇచ్చి చూశారు. ముందు ఊపిరి ఆగుతుంది, తర్వాతే గుండె ఆగుతుంది, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుంటే చాలని తేల్చారు. అది నిలవలేదు. తేలిక మత్తులో కూడా క్లోరోఫారం గుండె లయను తప్పించి ఒక్కసారిగా చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద నిరూపించారు. క్లోరోఫారం ఎప్పుడో పోయింది గానీ, "ఊపిరి ఆడుతోంది కదా, ఫరవాలేదు" అనే మాట మాత్రం పోలేదు.

ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రాత్రిళ్లు దగ్గుతోందా, కొద్ది దూరానికే ఆయాసపడుతోందా, ఎప్పుడైనా సొమ్మసిల్లిందా, ఏవైనా మందులు వాడుతున్నారా? పామేరియన్ లాంటి చిన్న జాతుల్లో గుండె కవాటం లీకవడం, డాబర్‌మన్‌లో గుండె కండరం బలహీనపడటం ఎక్కువ. స్టెతస్కోపులో తేడా వినిపిస్తే ఇ.సి.జి., ఎక్స్‌రే తీయించాలి. మూత్రపిండాల పరీక్షకు రక్తం ఇవ్వాలి. మేత ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగండి. నీళ్లు మాత్రం రాత్రంతా మాన్పించి ఎండగట్టవద్దు.

పశువులకు, కుక్కలకు మన దగ్గర విరివిగా వాడే జైలజిన్ మందు గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది. గుండె జబ్బున్న ముసలి కుక్కకు అది మంచిది కాదు. ఈ సంగతి డాక్టరుతో మాట్లాడటం తప్పేమీ కాదు.

ఇక మత్తులో ఉన్నంతసేపూ చూడాల్సినవి. మధ్యరకం కుక్కకు గుండె నిమిషానికి సుమారు 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. పై రక్తపోటు 90కి తగ్గకూడదు. నాలుకకు తగిలించే పల్స్ ఆక్సీమీటరు 95కి పైన చూపాలి. నాలుక ఆరిపోతే ఆ అంకె ఉత్తినే పడిపోతుంది, తడిపి మళ్లీ పెడితే సరి. ఇ.సి.జి. లయ తప్పడాన్ని బాగా పట్టిస్తుంది. కానీ అది చూపేది గుండెలోని విద్యుత్తునే. తెరమీద గీత చక్కగా నడుస్తున్నా రక్తం పారకపోవచ్చు. అందుకే తొడ లోపలి వైపు వేళ్లు పెట్టి నాడి చూడటం మానకూడదు. మిషన్లు లేనిచోట అన్నవాహికలోకి దింపే స్టెతస్కోపు గొట్టం ఎంతో ఆదుకుంటుంది. ఖరీదూ తక్కువే.

ఏ మిషనున్నా చూసే మనిషి కావాలి. కోసే డాక్టరే గుండెనూ చూడాలంటే రెండూ కుదరవు. కాబట్టి రైతు అడగాల్సిన మొదటి ప్రశ్న "మిషన్ ఉందా?" కాదు, "గుండె చూడ్డానికి వేరే మనిషి ఉన్నారా?" అని. లేరంటే, కుక్కకు గుండె జబ్బు కూడా ఉంటే, పెద్ద ఆసుపత్రికి వెళ్లడం మేలు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. హరిశ్చంద్రపురం మీదుగా విజయనగరం పోయే రైలుదారిలోనే ఆ ఊరు.

కుట్లు పడగానే గండం గడిచిందనుకోవద్దు. 2008లో అచ్చయిన బ్రిటన్ అధ్యయనంలో, మత్తు కారణంగా చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం ఆపరేషన్ అయిపోయాకే పోయాయి. అందులోనూ మొదటి మూడు గంటలే ఎక్కువ ప్రమాదం. మత్తు వదలక ముందే ఆటోలో ఎక్కించి ఊరికి తీసుకుపోకండి. ఒళ్లు చల్లబడితే గుండె ఇంకా నెమ్మదిస్తుంది గనుక కింద గోనెసంచి పరచి పైన దుప్పటి కప్పండి. వేడినీళ్ల సీసా నేరుగా ఒంటికి ఆనిస్తే చర్మం కాలుతుంది. తల ఎత్తి, తనంతట తాను లేచి నిలబడేదాకా పావుగంటకోసారి చిగుళ్ల రంగు, నాడి చూస్తుండాలి. చిగుళ్లు తెల్లబడినా, నీలంగా మారినా, నాడి చేతికందకపోయినా వెంటనే డాక్టరును పిలవాలి.