గీతల్లో మెరుపు, పూత కింద తుప్పు

వంటింట్లో గుండ్రటి స్టీలు పళ్లెం ఒకటి తీసి దీపం కింద పట్టుకుని చూడండి. మధ్య నుంచి అంచు దాకా రెండు వెలుగు చారలు విసనకర్రల్లా విచ్చుకుంటాయి. పళ్లేన్ని ఉన్నచోటే గుండ్రంగా తిప్పితే చారలు కదలవు. మీ తల పక్కకు జరిపితే కదులుతాయి. దీనికి కారణం పాలిష్ పట్టినప్పుడు పడిన సన్నని వలయాకార గీతలు. ఒక్కో గీత చిన్న కాలువ ఆకారంలో ఉన్న అద్దం లాంటిది. అది కాంతిని తన పొడవునా చెదరగొట్టదు, అడ్డంగా మాత్రం విసురుతుంది. అందుకే దీపం ప్రతిబింబం చుక్కగా కాక, గీతలకు లంబంగా సాగిన చారగా కనిపిస్తుంది.

కస్టమ్ బైకుల ట్యాంకుల మీద గ్రైండర్‌తో సుడులు గీసి, పైన పారదర్శకమైన క్లియర్ కోట్ వేసేవాళ్లు వాడుకునేది ఈ సూత్రాన్నే. ఆ సుడులకు లోతు కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకే గీత మీద వెలుగు చుక్క ఎడమ కంటికి ఒకచోట, కుడి కంటికి మరోచోట కనిపిస్తుంది. ఆ తేడాను మెదడు లోతుగా లెక్కగడుతుంది. రేకు మాత్రం చదునుగానే ఉంటుంది!

మన రోడ్ల మీద దీనికి దగ్గరి చుట్టం డైమండ్ కట్ అలాయ్ చక్రం. పెయింట్ వేసిన చక్రం ముఖాన్ని లేత్ మీద సన్నగా చెక్కి, బయటపడిన అల్యూమినియం మిశ్రమం మెరుపు కనబడేలా క్లియర్ కోట్ వేస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు కారు బాడీకి రంగు కింద ప్రైమర్ పొరలుంటాయి. తుప్పును అడ్డుకోవడంలో పెద్ద భారం మోసేవి అవే. కానీ ప్రైమర్ వేస్తే గీతలు కనిపించవు. అందం కోసం దాన్ని వదులుకున్నాక లోహానికీ వానకీ మధ్య మిగిలేది సుమారు 50 మైక్రాన్ల పూత, అంటే దాదాపు తల వెంట్రుకంత మందం. దాని అడుగున కంటికి కనబడని రసాయన పొర ఒకటి ఉంటే ఉండొచ్చు. ఎండలోని అతినీలలోహిత కాంతిని అడ్డుకునే పని కూడా ఈ పూతదే.

కంకర రాయి తగిలి పూత చిట్లితే తేమ, ఉప్పు లోపలికి చేరతాయి. అప్పుడు తుప్పు పూత కింద దారాల్లా పాకుతుంది. దారం తల దగ్గర ఆక్సిజన్ తక్కువ, ఆమ్లత్వం ఎక్కువ, కాబట్టి లోహం అక్కడ కరుగుతుంది. గాలి తోక వైపు నుంచి అందుతుంది. తల ముందుకు జరిగేకొద్దీ వెనక తెల్లటి పొడి చార మిగులుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర నగరాల ఉప్పు గాలి దీనికి బాగా అనుకూలం.

నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకొకటి. గ్రైండింగ్ వల్ల అల్యూమినియం పైపొర నలిగి, దాని లోపలి స్ఫటిక నిర్మాణం మారిపోతుంది. ఆ నలిగిన పొర దారపు తుప్పుకు మరింత సులువుగా లొంగుతుంది. దారాలు తరచూ గీతల వెంటే సాగుతాయి కూడా.

1981లో వచ్చిన డెలోరియన్ కారు ఈ గొడవే లేకుండా తప్పించుకుంది. దాని బాడీ పలకలు గీతలు పట్టిన స్టెయిన్‌లెస్ స్టీలువి, పైన పెయింట్ లేదు. మన పళ్లెంలాగే అందులోని క్రోమియం గాలితో కలిసి తనంతట తానే రక్షణ పొర కట్టుకుంటుంది.

అలాయ్ చక్రాలున్నవారు రాయి దెబ్బను చూసిన వెంటనే సరిచేయించడం మంచిది. ఘాటైన ఆమ్ల ద్రావణాలతో కడగొద్దు. తెల్ల దారాలు పాకాక మిగిలిన దారి పాత పూత తీసేసి మళ్లీ లేత్ ఎక్కించడమే. ఎక్కించిన ప్రతిసారీ చక్రం నుంచి కొంత లోహం పోతుంది కాబట్టి అలా ఎన్నోసార్లు చేయడం కుదరదు.