ఇంటి లెక్క

మన చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. పెన్న, చిత్రావతి ఇక్కడి కొండలలోనే పుట్టినా, వానలు కురిసినప్పుడు తప్ప వాటిలో నీరు కనిపించదు. అందువల్ల వాన తప్పే ఏటికోసం దాచుకోవడం మన పెద్దలకు అలవాటయింది. వారు దాచింది రూపాయలు కాదు, రాగులు. రాగులకు పురుగు తొందరగా పట్టదు. బాగా ఎండబెట్టి పాతరలో పోస్తే ఏళ్ళ తరబడి నిలువ ఉంటాయి. పండిన ఏడు పాతర నింపుకున్న ఇల్లు, ఎండిన ఏడు అప్పుకు పోకుండా సంగటి తినగలిగేది.

నేటి సంసారం రాగులతో మాత్రమే గడవదు. చింతామణి దగ్గర ఒక రైతు కుటుంబాన్ని ఊహించుకుందాం. వారికి రెండు ఆవులు, కొద్దిపాటి మల్బరీ తోట, వానకు వేసే వేరుశనగ ఉన్నాయి. పాల డబ్బు సంఘం నుంచి వారానికో పక్షానికో వస్తుంది. పట్టుపురుగు గూడు కట్టడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఆ గూళ్ళకు శిడ్లఘట్ట మార్కెట్టులో ఆనాటి వేలంలో పలికినదే ధర. రోగం తగిలితే అదీ లేదు. వేరుశనగ డబ్బు ఏడాదికి ఒక్కసారే.

ఆ ఇంటి ఇల్లాలు ఉప్పు, నూనె వంటి ఖర్చులన్నీ పాల డబ్బుతోనే సరిపెడుతుంది. గూళ్ళు అమ్ముడుపోయే వరకు వాటిని నమ్మి అంగడిలో అప్పు పెట్టదు. అమ్మిన రోజున మళ్ళీ చాకీ పురుగులకు కావలసినది ముందు తీసిపెడుతుంది. అయితే పిల్లలకు చెరొక గ్లాసు పాలు ఉంచిన తరువాతనే మిగిలినవి డైరీకి పోస్తుంది. పిల్లల పాలు కూడా అమ్మి కూడబెట్టడాన్ని పొదుపు అనడానికి నాకు నోరు రాదు.

ఒక ఏడు ఆమె భర్త బోరు వేయించడానికి లక్ష రూపాయలు అప్పు తెద్దామన్నాడు. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. మూడే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. నెలకు 3,000, ఏడాదికి 36,000, మూడేళ్ళకు 1,08,000 రూపాయలు. తెచ్చినదానికంటే ఎక్కువ కట్టినా అసలు లక్ష అలాగే ఉంటుంది. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో వెయ్యి అడుగులు దాటినా నీరు పడని బోర్లు ఎన్నో ఉన్నాయి. నీరు పడకపోతే వడ్డీకి ముందు ఆవు పోతుంది, ఆపైన పిల్లల చదువు ఆగుతుంది.

అక్కరకు అప్పు చేయవలసి వస్తే ఎక్కడ చేయాలి? మన జిల్లాలోని ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న కాలంలోనే, 1913లో, మైసూరు బ్యాంకు ఏర్పడింది. కానీ పల్లెటూరి ఆడవారికి బ్యాంకు గడప చాలాకాలం దూరంగానే ఉండిపోయింది. 2000లో కర్ణాటక ప్రభుత్వం స్త్రీశక్తి పథకాన్ని ప్రారంభించింది. సంఘంలోని స్త్రీలు వారం వారం కొంత జమచేసి, అందులోనుంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు. కట్టిన వడ్డీ తిరిగి సంఘం నిధిలోకే చేరుతుంది.

బోరు మాట తేలక ముందే ఆ ఇంట్లో మరొక పని మొదలయింది. ఏడవ తరగతి చదివే కూతురు రోజూ రాత్రి ఖర్చులు రాయసాగింది. నెలాఖరున కూడి చూస్తే నాన్న టీ, బీడీలకు పెట్టినది అమ్మ సంఘంలో కట్టినదానికంటే ఎక్కువగా తేలింది. ఆమె ఏమీ అనకుండా పుస్తకం నాన్న ముందు పెట్టింది. ఆయన మళ్ళీ ఒకసారి కూడి చూశాడు. లెక్క తప్పలేదు.